పాము కాటు విప్పి చూపే పాఠం: డాక్టర్ కావాలంటే ఏ బేసిక్స్ రావాలి?

క్లుప్తంగా: నీట్ పరీక్ష ఎక్కువగా విషయం గుర్తుందా లేదా అని చూస్తుంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే "అలా ఎందుకు జరుగుతుంది" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో, వైద్యశాస్త్రంలో బేసిక్స్ అంటే అసలు ఏమిటో రాయలసీమ ఆసుపత్రులకు వచ్చే కేసుల ద్వారానే వివరించే ప్రయత్నం ఇది. ఎక్కువ భాగం పాము కాటు గురించే ఉంటుంది, ఎందుకంటే ఒక్క ఆ కేసులోనే దాదాపు అన్ని సబ్జెక్టులూ కలుస్తాయి.

చెనిక్కాయ చెట్లు పీకే రోజులు. రాత్రి పదిన్నర దాటాక పల్లె నుంచి ఒక రైతును పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తెస్తారు. మడమ పైన రెండు గాట్లు, పాదం అప్పటికే వాచింది. పాము ఏదో చూసినవాళ్లు లేరు. హౌస్ సర్జన్ చేతి సిర నుంచి 2 మి.లీ. రక్తం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబులో పోసి, కదపకుండా నిలబెట్టి టైం రాసుకుంటారు. సరిగ్గా 20 నిమిషాలు. తర్వాత ట్యూబును ఒక్కసారి పక్కకు వంచుతారు. లోపలి రక్తం ముద్దలా నిలిచిపోతే ఒక దారి. నీళ్లలా జారితే ఇంకో దారి: వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి.

ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. మండల కేంద్రంలోని పీహెచ్‌సీలో కూడా చేయొచ్చు. కానీ ఆ ట్యూబు గాజుదే ఎందుకు కావాలి, 20 నిమిషాలే ఎందుకు ఆగాలి, సబ్బుతో కడిగిన ట్యూబు ఎందుకు పనికిరాదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఆ పరీక్ష తప్పుడు ఫలితం ఇచ్చినా పట్టుకోలేరు. "బేసిక్స్ గట్టిగా ఉండాలి" అని ప్రతి జూనియర్ కాలేజీలో, ప్రతి కోచింగ్ సెంటర్‌లో చెబుతారు. ఆ మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుంది.

## సీటు దగ్గరికి వచ్చింది, తర్వాత?

కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది. చాలా కాలం రాయలసీమ పిల్లలకు వైద్యవిద్య అంటే అయితే కర్నూలు, లేకపోతే తిరుపతి. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చింది. కడపలో రిమ్స్ 2006లో మొదలైంది. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో తెరుచుకుంది. అంటే ఒక తరం ముందుతో పోలిస్తే ఇంటికి దగ్గర్లోనే డాక్టర్ చదువు చదివే అవకాశం బాగా పెరిగింది. అందుకే ఏటా నీట్ ఫలితాలు రాగానే బైపీసీ పిల్లలున్న ఇళ్లల్లో కటాఫ్, కౌన్సెలింగ్ తప్ప వేరే మాట వినపడదు.

మంచి ర్యాంకుతో చేరిన వాళ్లలో కూడా కొందరు ఫస్టియర్‌లో తడబడతారు. ఇంటర్‌లో బిట్లన్నీ టకటకా పెట్టిన అమ్మాయి ఫిజియాలజీ వైవాలో నోరు తెరవలేకపోవచ్చు. తల్లిదండ్రులు దీన్ని బద్ధకం అనుకుంటారు, పిల్లలు తమకు తెలివి లేదేమో అని టెన్షన్ పడతారు. చాలా సందర్భాల్లో కారణం ఆ రెండూ కావు. పరీక్ష స్వభావమే మారిపోయింది, చదివే పద్ధతి మాత్రం పాతదే ఉండిపోయింది.

## నీట్ అడిగేది, ఎంబీబీఎస్ అడిగేది

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో బయాలజీకి 90 ప్రశ్నలు, 360 మార్కులు, అంటే సరిగ్గా సగం. సమయం 180 నిమిషాలు. సగటున ప్రశ్నకు ఒక్క నిమిషం. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఈ లెక్కలో ఆగి ఆలోచించేవాడి కంటే చూడగానే గుర్తుపట్టేవాడికి లాభం. కోచింగ్ అంతా ఆ వేగం కోసమే నడుస్తుంది. లక్షల మందిని ఒకే రోజు వడగట్టాల్సిన పరీక్ష అలా ఉండటంలో తప్పేమీ లేదు. కానీ రెండేళ్లు అదే అలవాటులో ఉన్న బుర్ర, కారణం వెతకడం మానేస్తుంది. నష్టం అక్కడ జరుగుతుంది.

ఒక ఉదాహరణ. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన అయాన్ ఏది? కాల్షియం. నీట్ విద్యార్థికి రెండు సెకన్ల పని. ఎంబీబీఎస్‌లో ఇదే విషయం ఇలా వస్తుంది: బ్లడ్ బ్యాంకు సంచిలో రక్తం నెలరోజులున్నా ఎందుకు గడ్డకట్టదు? అందులో సిట్రేట్ ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. సరే, ప్రమాదంలో రక్తం బాగా పోయిన మనిషికి ఒకేసారి చాలా సంచులు ఎక్కించారు, కాసేపటికి పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఎందుకు? సంచుల్లోని సిట్రేట్ ఈసారి రోగి రక్తంలోని కాల్షియాన్ని పట్టేసింది. కాల్షియం తగ్గితే నరాలు మామూలు కంటే తేలిగ్గా ఉత్తేజం చెందుతాయి. తెలిసిన సమాచారం ఒక్కటే, "కాల్షియం కావాలి" అన్నది. దాన్ని ఒక మనిషి వేళ్ల దాకా నడిపించుకెళ్లడమే వైద్యం.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది హౌస్ సర్జన్సీ. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తర్వాత పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. బోరు మోటారు ఆగిపోయిందని మెకానిక్‌ను పిలిస్తే ఆయన ముందు పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో, వైరు ఏ దారిన వచ్చిందో చూస్తాడు. అది అనాటమీ. నీళ్లు పైకి ఎలా తోడబడతాయో అతనికి తెలుసు, అది ఫిజియాలజీ. మోటారుకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో, అది ఎలా ఖర్చవుతుందో బయోకెమిస్ట్రీ చెబుతుంది. వైండింగ్ కాలిపోతే ఏమవుతుందో తెలియడం పాథాలజీ. నడిచే మోటారు ఎలా ఉంటుందో తెలియనివాడు చెడిన మోటారు ముందు కూర్చుని చేసేదేమీ ఉండదు.

డిసెక్షన్ హాల్లోకి వెళ్లిన మొదటి వారంలోనే విద్యార్థికి ఒక విషయం అర్థమవుతుంది. పుస్తకంలో ధమని ఎరుపు, సిర నీలం, నరం పసుపు. ఫార్మలిన్‌లో ఉంచిన దేహంలో అన్నీ ఇంచుమించు ఒకే బూడిద రంగు. అక్కడ వేళ్లతో తాకి గుర్తుపట్టాలి: ధమని గోడ మందంగా ఉండి వేళ్ల మధ్య గుండ్రంగా నిలుస్తుంది, సిర అణిగిపోతుంది, నరం లోపల ఖాళీ లేని గట్టి దారంలా ఉంటుంది. ఈ తేడా ఎందుకని అడిగితే జవాబు ఫిజియాలజీలో ఉంది. ధమనిలో గుండె తోసే ఒత్తిడిని తట్టుకోవాలి, సిరలో ఆ ఒత్తిడి లేదు. ఆకారానికి కారణం పనిలోనే ఉంటుంది.

## ట్యూబులో ఏం జరుగుతోంది?

మళ్లీ క్యాజువాలిటీకి వద్దాం. రక్తం గడ్డకట్టడం ఒక గొలుసు. రక్తంలో తిరిగే కొన్ని ప్రొటీన్లు మామూలుగా నిద్రాణంగా ఉంటాయి. ఒకటి మేల్కొంటే అది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని లేపుతుంది. చివరికి ఫైబ్రినోజన్ అనే కరిగే ప్రొటీన్, ఫైబ్రిన్ అనే దారంగా మారి వలలా అల్లుకుంటుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కి గడ్డ అవుతుంది.

గాజు ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. అది తగలగానే ఆ ప్రొటీన్లలో పన్నెండో ఫ్యాక్టర్ అని పిలిచేది మేల్కొని గొలుసు మొదలవుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో ఆ పని సరిగ్గా జరగదు, సబ్బు పొర మిగిలిన గాజులో కూడా జరగదు. అలాంటి ట్యూబులో ఆరోగ్యవంతుడి రక్తం పోసినా గడ్డకట్టక జారుతుంది. దాన్ని చూసి పాము విషం ఎక్కిందనుకుంటే అవసరం లేని మనిషికి విరుగుడు ఎక్కిస్తారు. మామూలు రక్తం గాజులో 20 నిమిషాల లోపే గడ్డకడుతుంది కాబట్టి అంత సేపు ఆగితే అనుమానం తీరుతుంది.

మరి రక్తపింజరి కరిచిన మనిషి రక్తం ఎందుకు గడ్డకట్టదు? చాలామంది విషం రక్తాన్ని "నీళ్లు చేస్తుంది" అనుకుంటారు. జరిగేది వినడానికి తలకిందులుగా ఉంటుంది. ఆ విషంలోని ఎంజైములు గొలుసులోని పదో ఫ్యాక్టర్‌ను, ఐదో ఫ్యాక్టర్‌ను ఒంటినిండా ఒకేసారి లేపుతాయి. అంటే విషం రక్తాన్ని గడ్డకట్టించే పనే చేస్తుంది, కానీ అవసరం లేని చోటల్లా చేస్తుంది. చెరువు తూములన్నీ ఒకే రాత్రి ఎత్తేస్తే తెల్లారేసరికి నీళ్లుండవు, పైరుకు తడి కావాల్సిన రోజున చెరువు ఎండి ఉంటుంది. అలాగే ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోతుంది. తర్వాత చిగుళ్ల నుంచి, పాత గాయం నుంచి, మూత్రంలో రక్తం కారుతున్నా ఆపడానికి సరుకు మిగలదు. ఇసుక పింజరి విషం గొలుసులో ఇంకాస్త కింద, ప్రోత్రాంబిన్ దగ్గర ఇదే పని చేస్తుంది. దారి వేరైనా ఫలితం ఒకటే కాబట్టి ట్యూబు పరీక్ష రెండింటికీ పనికొస్తుంది.

ఇంగ్లిష్‌లో రక్తపింజరికి పేరిచ్చిన పాట్రిక్ రస్సెల్ తెలుగు నేల మీద, విశాఖపట్నంలో ఉండి పాములను అధ్యయనం చేశాడు. 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఈ పామును స్థానికులు చెప్పిన "కాటుక రేకుల పొడ" అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. ఒంటిపైన గొలుసులా ఉండే మచ్చలను చూసి పెట్టిన ఆ పేరు ఏ వర్ణనకూ తీసిపోదు.

ఈ మాత్రం తెలిస్తే ఊళ్లో చేసే కొన్ని పనులు ఎందుకు ప్రమాదమో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాటు దగ్గర బ్లేడుతో గాటు పెడతారు. గడ్డకట్టే సరుకు అయిపోతున్న ఒంటి మీద కొత్త గాయం పెడితే అది ఆగకుండా కారుతుంది. తాడుతో బిగించి కడతారు. గట్టిగా బిగిస్తే ధమని కూడా మూసుకుపోయి కింది భాగానికి రక్తం అందదు, అప్పటికే విషంతో దెబ్బతింటున్న కండరం చచ్చుబడుతుంది. ఆసుపత్రిలో కట్టు విప్పగానే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒంట్లోకి వస్తుంది. కాలిని కదపకుండా ఉంచి త్వరగా ఆసుపత్రికి తేవాలని డాక్టర్లు చెప్పడం వెనక కారణం కూడా శరీర నిర్మాణమే: విషం చాలావరకు చర్మం కింది లింఫు నాళాల ద్వారా పాకుతుంది, కండరాలు కదిలితేనే ఆ నాళాల్లో ద్రవం వేగంగా ముందుకు పోతుంది.

## తాళం, తాళంచెవి: కట్లపాము నుంచి పురుగుమందు దాకా

అన్ని పాములూ రక్తం మీద పనిచేయవు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు, ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదేమో అనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. ట్యూబులో రక్తం మాత్రం చక్కగా గడ్డకడుతుంది.

నరం చివర, కండరం మొదలయ్యే చోట ఒక సన్నని ఖాళీ ఉంటుంది. నరం నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ ఖాళీ దాటి, కండరం మీది గ్రాహకంలో తాళంచెవి తాళంలో దూరినట్టు దూరుతుంది. అప్పుడు కండరం ముడుచుకుంటుంది. పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ రసాయనాన్ని విరిచేస్తుంది. ఇంటర్ పాఠంలో ఉన్నది ఇంతే. ఇందులోనే మూడు వేర్వేరు కేసులు దాగున్నాయి.

నాగుపాము విషం తాళం కప్ప రంధ్రంలో అడ్డంగా కూర్చుంటుంది. తాళంచెవులున్నాయి, దూరే చోటు లేదు. అందుకే కోలినెస్టరేజ్‌ను ఆపే నియోస్టిగ్మిన్ ఇస్తే తాళంచెవులు విరగకుండా పోగుపడి, పోటీలో కొన్ని గెలుస్తాయి. వాలిన రెప్ప పైకి లేవడం కళ్ల ముందే కనపడొచ్చు. కట్లపాము విషం వేరే చోట దెబ్బకొడుతుంది. అది నరం చివరనే పాడు చేస్తుంది, తాళంచెవులు తయారయ్యే చోటే దెబ్బతింటుంది. అక్కడ నియోస్టిగ్మిన్‌తో పెద్దగా ఉపయోగం ఉండదు. కనురెప్ప వాలడం రెండింటిలోనూ ఒకేలా కనపడుతుంది, మందుకు వచ్చే స్పందన వేరు. లక్షణం మాత్రమే బట్టీ పట్టిన విద్యార్థికి ఈ తేడా అందదు.

మూడో కేసు పాముకు సంబంధం లేనిది. ఆదోని పత్తి చేలల్లోనో, పత్తికొండ టమాటా తోటల్లోనో ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు కొట్టిన మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. నోట్లో చొంగ, కళ్ల నీళ్లు, విపరీతమైన చెమట, ఛాతీలో గురగుర. ఈ మందు కోలినెస్టరేజ్‌నే పట్టేస్తుంది. అంటే తాళంచెవులు విరగవు, కుప్పగా పోగవుతాయి. నాగుపాము కాటులో సంకేతం అందకపోవడం సమస్య అయితే ఇక్కడ అందిన సంకేతం ఆగకపోవడం సమస్య. గ్రంథులు, కంటిపాప, ఊపిరితిత్తుల మీద ఆ అదనపు సంకేతాన్ని అడ్డుకోవడానికి ఎట్రోపిన్ ఇస్తారు. పాము కాటులో నియోస్టిగ్మిన్ ఇచ్చేటప్పుడు కూడా తోడుగా ఎట్రోపిన్ ఇవ్వడానికి కారణం ఇదే. నియోస్టిగ్మిన్ చేసేది చిన్న మోతాదులో పురుగుమందు చేసే పనే కదా.

ఒకే ఊరి పొలంలో జరిగే ఈ రెండు ప్రమాదాలూ ఒక్క ఎంజైమ్ చుట్టూ తిరుగుతున్నాయి. ఆ ఒక్క పేరాగ్రాఫు గట్టిగా అర్థమైతే ఫార్మకాలజీలో ఒక పెద్ద అధ్యాయం సగం చదివినట్టే.

శ్వాస ఆగడం ఇందులో అన్నిటికంటే ప్రమాదం. ఊపిరి తీయించే ప్రధాన కండరం డయాఫ్రమ్. దానికి సంకేతం తెచ్చే నరం మెడలోని 3, 4, 5 వెన్ను నాడుల నుంచి బయల్దేరుతుంది. ఆ నరం బాగానే ఉన్నా కండరం అందుకోకపోతే ఊపిరి ఆడదు. దీన్ని ముందే పసిగట్టడానికి ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో రోగితో లెక్కపెట్టిస్తారు. చెడుగుడు కూత పట్టినట్టే. గంట గంటకూ ఆ అంకె తగ్గుతుంటే కృత్రిమ శ్వాసకు సిద్ధం కావాలి. ఇంకో సంగతి కూడా గుర్తుండాలి: ఈ విషం మెదడును తాకదు. కదలిక లేక, కళ్లు తెరవలేక పడున్న మనిషికి చుట్టూ మాట్లాడేవన్నీ వినపడుతుండవచ్చు.

## పిల్లలకైనా పెద్దలకైనా ఒకే డోసు ఎందుకు?

విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి వస్తుంది. కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే గుర్రం దానికి యాంటీబాడీలు తయారు చేస్తుంది, వాటిని శుద్ధి చేసి మందుగా నింపుతారు. అందుకు కావాల్సిన విషాన్ని పామును చంపకుండా తీసే పనిలో చెన్నై దగ్గర ఇరుల తెగవారి సహకార సంఘం 1978 నుంచి పేరుపొందింది. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగింటికీ కలిపి పనిచేసేలా ఉంటుంది. అందుకే పాము ఏదో తెలియకపోయినా చికిత్స మొదలుపెట్టగలరు.

లెక్క చూస్తే ఆసక్తిగా ఉంటుంది. ఒక మి.లీ. మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని అణచగలదు. 10 మి.లీ. వయల్ ఒకటి 6 మిల్లీగ్రాములను అణచగలదు. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల దాకా వదులుతుందని అంచనా. మొదటి విడత 10 వయల్స్ అని చెప్పే పద్ధతికి మూలం ఈ గుణకారమే.

జ్వరం సిరప్ పిల్లవాడి బరువును బట్టి ఇస్తారు. మరి పాము విరుగుడు ఐదేళ్ల బిడ్డకు, ఐదు పదుల రైతుకు ఒకే మోతాదులో ఎందుకు? మామూలు మందు ఒంట్లో పరుచుకుని పనిచేస్తుంది, ఒళ్లు ఎంత ఉంటే అంత కావాలి. ఈ మందు విషాన్ని పట్టుకుంటుంది, విషం ఎంత ఉంటే అంత కావాలి. కరిచేటప్పుడు పాము ఎదుటివాళ్ల వయసు చూసుకోదు. పైగా చిన్న ఒంట్లో అదే విషం ఇంకా చిక్కగా ఉంటుంది. డోసుల పట్టిక బట్టీ పట్టిన విద్యార్థి ఇక్కడ తగ్గించి ఇచ్చే ప్రమాదం ఉంది.

గుర్రం ప్రొటీన్ మన ఒంటికి పరాయిది కాబట్టి కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది: దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరి అందకపోవడం. అందుకే పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకునే ఈ మందు మొదలుపెడతారు. పాము కాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2000 నుంచి 2019 మధ్య భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని అంచనా. ఆ కేసులు చూసే డాక్టర్లు ఎక్కువగా కావాల్సింది మన లాంటి పల్లె ప్రాంతాల్లోనే.

## మే నెల ఎండ, చిటికెడు ఉప్పు

మే నెలలో కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో 43, 44 డిగ్రీల ఎండ కొత్త కాదు. చెమట ఆవిరయ్యేటప్పుడు చర్మం నుంచి వేడిని తీసుకెళ్తుంది, ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. చెమట కారి నేల మీద పడితే ఆ లాభం లేదు. మచిలీపట్నంలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, మనిషి తడిసి ముద్దవుతాడు. మన పొడి గాలిలో పుట్టిన చెమట పుట్టినట్టే ఆరిపోతుంది, చల్లబరచడానికి ఇది మంచిదే. కానీ ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. సాయంత్రానికి చొక్కా వీపు మీద తెల్లగా మిగిలే ఉప్పు చారలే దానికి సాక్ష్యం.

పోయింది నీరూ ఉప్పూ అయితే, ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సిన సోడియం బాగా తగ్గితే నీరు కణాల్లోకి చేరి మెదడు వాస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ తాగే అలవాటులో ఉన్న అర్థం ఇదే.

ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఎందుకు? శక్తి కోసం అని చాలామంది జవాబిస్తారు. అసలు కారణం పేగు కణం గోడ మీద ఉంది. అక్కడొక వాహక ప్రొటీన్ ఉంటుంది, ఒక గ్లూకోజ్ అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను లోపలికి తెస్తుంది. గ్లూకోజ్ లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు. సోడియం వెళ్లిన చోటికి నీరు వెళ్తుంది. కలరాలో కూడా ఈ తలుపు చెడదు, అదే మనిషిని కాపాడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించినప్పుడు, 30 శాతం దాకా ఉన్న కలరా మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపితే మాత్రం చిక్కదనం పెరిగి, పేగులోకే నీరు లాగి విరేచనాలు ఎక్కువవుతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2024 నుంచి నీట్ సిలబస్‌లో జీర్ణక్రియ, శోషణ పాఠం లేదు. పరీక్షకు రాదు కాబట్టి చదవక్కర్లేదు అనుకునే విద్యార్థి, ఫస్టియర్‌లో ఈ పాఠం పూర్తి లోతులో ఎదురైనప్పుడు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. సీటు ఖాయమయ్యాక, క్లాసులు మొదలయ్యేలోపు దొరికే వారాల్లో పాత ఇంటర్ జువాలజీ పుస్తకంలో ఆ అధ్యాయం ఒకసారి చదివితే చాలా తేలికవుతుంది.

## బోరు నీళ్లు, పళ్ల మీద చారలు

ఫ్లోరోసిస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రాయలసీమ పల్లెల్లో గోధుమ రంగు చారల పళ్లు చూడనివాళ్లుండరు. మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో గుర్తించారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పంటి, ఎముకల ఖనిజంలో ఉండే హైడ్రాక్సిల్ అయాన్ స్థానంలో ఇంచుమించు అంతే పరిమాణం, అదే ఆవేశం ఉన్న ఫ్లోరైడ్ కూర్చోగలదు. కెమిస్ట్రీలో ఈ వాక్యం చదివిన విద్యార్థి పక్కింటి తాత నడుం ఎందుకు వంగదో ఊహించగలగాలి. పళ్ల చారలు చిన్నతనంలోనే ఎందుకు వస్తాయి? ఎనామెల్ తయారు చేసే కణాలు పన్ను మొలిచాక ఉండవు. ఎముక అలా కాదు, జీవితాంతం కరుగుతూ, కట్టుకుంటూ ఉంటుంది, అందుకే పెద్దయ్యాక కూడా ఫ్లోరైడ్ పేరుకుంటుంది.

## భాష దగ్గర తడబాటు

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లలకు ఫస్టియర్‌లో పుస్తకం బరువు కంటే పదాల బరువు ఎక్కువ అనిపిస్తుంది. అయితే ఆ పదాలు ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు కూడా కొత్తవే, ఎందుకంటే వాటిలో ఎక్కువ గ్రీకు, లాటిన్ మాటలు. పక్కవాళ్లతో పోల్చుకుని భయపడటానికి కారణం లేదు.

విడగొడితే తేలికవుతాయి. హైపోనాట్రీమియా అంటే హైపో, తక్కువ, నాట్రియం, సోడియం, ఇమియా, రక్తంలో. రక్తంలో సోడియం తగ్గడం. సోడియానికి Na అనే గుర్తు ఎందుకొచ్చిందో తొమ్మిదో తరగతిలోనే చెప్పారు, నాట్రియం నుంచి. పొటాషియానికి కాలియం. కాబట్టి హైపర్‌కలీమియా అంటే పొటాషియం పెరగడం. దాన్ని కాల్షియం అనుకుంటే గుండె లయ తప్పుతున్న రోగి దగ్గర పెద్ద పొరపాటే జరుగుతుంది. ఇలాంటి మూల పదాలు ఒక యాభై, అరవై పట్టుబడితే కొత్త మాట కనపడినా దానంతటదే విడిపోతుంది. కొత్త విషయాన్ని మొదట తెలుగులో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి చూసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాసుకోవడం చాలామందికి పనికొచ్చే పద్ధతి. రేపు చెనిక్కాయ రైతుకు చెప్పాల్సింది కూడా తెలుగులోనే.

## ఆరు గంటల తర్వాత

చదివేటప్పుడు అలవాటు చేసుకోవాల్సిన పని నిజానికి ఒక్కటే. ఒక వాక్యం చదవగానే "ఇది చెడిపోతే ఏమవుతుంది" అని అడగడం. వృక్కాల పాఠంలో వడపోత గురించి చదివితే, రక్తపింజరి కాటు తర్వాత మూత్రం ఎందుకు ఆగిపోతుందని అడగాలి. ఇంటర్ చదివే విద్యార్థికి పూర్తి జవాబు దొరకకపోవచ్చు. ప్రశ్న దొరికితే చాలు, ఎంబీబీఎస్‌లో ఆ జవాబు ఎదురైన రోజు అది మర్చిపోయేది కాదు.

మొదట చెప్పిన రైతు విషయానికే వస్తే, రక్తం జారిందని తేలింది, 10 వయల్స్ ఎక్కించారు. అరగంటకే బంధువులు "ఇప్పుడు చూడండి, తగ్గిందా" అని అడుగుతారు. హౌస్ సర్జన్ అప్పుడే ట్యూబు పెట్టరు. విరుగుడు విషాన్ని పట్టుకుంటుంది కానీ ఖర్చయిపోయిన ఫైబ్రినోజన్‌ను తెచ్చి ఇవ్వదు. దాన్ని కాలేయం మళ్లీ తయారు చేయాలి, అందుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. ముందే పరీక్షిస్తే మందు పనిచేసినా రక్తం జారుతూనే కనపడి, అవసరం లేకుండా ఇంకో విడత ఎక్కించాల్సి వస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ 2 మి.లీ. రక్తం, మళ్లీ పొడి గాజు ట్యూబు, మళ్లీ 20 నిమిషాలు. ఈసారి వంచితే రక్తం కదలదు.